హకీంపేట మీద ఎగిరిన ఆ జెట్ ఏది? నలభై ఏళ్లుగా మిగ్ అనే అనుకున్నాను

అల్వాల్_డాబా
2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 విమానాలకు వీడ్కోలు పలికిన కార్యక్రమాన్ని మా అబ్బాయితో కలిసి టీవీలో చూశాను. 1963లో ఏ ఊళ్లో మన వైమానిక దళంలోకి అడుగుపెట్టాయో అదే ఊళ్లో చివరిసారి దిగి, రెండు వైపుల నుంచి చిమ్ముతున్న నీటి ధారల మధ్యగా అవి నెమ్మదిగా వస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. చిన్నప్పుడు మా డాబా మీద నుంచి రోజూ చూసింది వీటినేనని వాడితో చెప్పాను. వాడు అరగంట వెతికి వచ్చి, "నాన్నా, హకీంపేటలో మిగ్-21 స్క్వాడ్రన్ లేదు, అది వైమానిక దళ శిక్షణ కేంద్రం. పైగా అందులో ఇద్దరు పక్కపక్కన కూర్చునేవారని నువ్వే చెబుతుంటావు, మిగ్-21లో పైలట్ ఒక్కడే ఉంటాడు" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు కుదుటపడడం లేదు.

1981 నుంచి 1985 దాకా మేము అల్వాల్‌లో అద్దెకు ఉన్నాము. పొద్దున్నే అమ్మ డాబా మీద వడియాలు పెడుతుంటే కాకులను తోలే పని నాదీ మా అక్కదీ. ఆ వేళలోనే ఉత్తరం వైపు నుంచి ఈల వేసినట్టు ఒక చప్పుడు మొదలై, క్షణాల్లో తల మీదికి వచ్చేది. ఒకసారి ఎంత కిందికి వచ్చిందంటే, గాజు కప్పు కింద పక్కపక్కనే ఉన్న రెండు తెల్లటి హెల్మెట్లు స్పష్టంగా కనిపించాయి. తెల్లటి ఒళ్లు, దాని మీద నారింజ రంగు పట్టీలు ఉండేవి. మంట వచ్చే గొట్టం తోక చివర కాకుండా పొట్ట కింద ఉండేదని, తోక సన్నగా వెనక్కి సాగి ఉండేదని కూడా బాగా గుర్తు. ఒక రోజు కిటికీ అద్దాలు అదిరేంత పెద్ద శబ్దం వచ్చింది. ఆ జెట్‌ను చూసే నేను విమానాల పిచ్చిలో పడ్డాను. నేను చూసింది మిగ్ కాకపోతే మరేమిటో తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

డెల్టారెక్క
మీ అబ్బాయి చెప్పిందే నిజం. మిగ్-21ను ఒకసారి చూసినవారు మరొకదానితో పొరబడరు. ముక్కు స్థానంలో గుండ్రటి నోరు, దాని మధ్యలో శంకువు, త్రికోణాకారపు రెక్కలు ఉంటాయి. ఇద్దరు కూర్చునే శిక్షణ మిగ్ కూడా ఉండేది కానీ, అందులో ఒకరి వెనక ఒకరు కూర్చునేవారు. పక్కపక్కన కూర్చునే జెట్ అంటే అది కిరణ్ తప్ప మరొకటి కాదు.

శామీర్‌పేట_చెరువుగట్టు
కిరణ్ అనే నేనూ అంటాను. మేము దాని కిందే పెరిగాము.

పాతకెమెరా
హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి హెచ్‌జేటీ-16 కిరణ్ మొదటిసారి ఎగిరింది 1964 సెప్టెంబర్ 4న. రూపకల్పన బృందానికి నాయకుడు వి.ఎం. ఘాటగే, అంతకు ముందు హెచ్‌టీ-2 అనే ప్రొపెల్లర్ శిక్షణ విమానాన్ని రూపొందించినవారు కూడా ఆయనే. కిరణ్‌లో గురువు, శిష్యుడు ఒకే గాజు కప్పు కింద పక్కపక్కన కూర్చుంటారు కాబట్టి ముందుభాగం వెడల్పుగా, బొద్దుగా ఉంటుంది. గురువు చెయ్యి చూపించి చెప్పగలడు, శిష్యుడి ముఖంలో కంగారును పక్కచూపుతోనే పసిగట్టగలడు. అయితే కిరణ్ ఇంజిన్ గొట్టం తోక చివరనే ఉంటుంది, పొట్ట కింద కాదు. అల్వాల్_డాబా గారి రెండో గుర్తు కిరణ్‌కు సరిపోవడం లేదు.

డెల్టారెక్క
నలభై ఏళ్ల నాటి పిల్లవాడి జ్ఞాపకంలో గొట్టం ఎక్కడ ఉందన్నది అంత ప్రధానం కాదు. రెండు హెల్మెట్లు పక్కపక్కన కనిపించాయంటే తీర్పు అయిపోయినట్టే.

అల్వాల్_డాబా
క్షమించాలి, నేను ఒప్పుకోలేను. ఆ గొట్టాన్ని నేను ఎన్నో సార్లు నోటుపుస్తకంలో బొమ్మగా వేశాను. అది పొట్ట కిందే ఉండేది.

సిక్కోలు_ఎయిర్‌మన్
అల్వాల్_డాబా గారి మాటను కొట్టివేయకండి. నేను 1980లలో హకీంపేటలో నేల మీద విమానాల సేవలో పనిచేసినవాడిని, ఇప్పుడు శ్రీకాకుళంలో విశ్రాంత జీవితం గడుపుతున్నాను. ఆ రోజుల్లో హకీంపేటలో ఇస్క్రా అనే పోలండ్ విమానం ఉండేది. 1975లో మన దేశం యాభై ఇస్క్రాలను కొన్నది, 1990లలో మరికొన్ని వచ్చాయి, 2004లో వాటికి సెలవు ఇచ్చారు. ఇస్క్రాలో ఇంజిన్ గొట్టం రెక్కలు దాటిన కొద్ది దూరంలోనే పొట్ట కింద తెరుచుకుంటుంది, దాని పైనుంచి సన్నటి తోక వెనక్కి సాగుతుంది. ఆయన వర్ణించింది అచ్చంగా అదే. కాకపోతే అందులో ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు.

మా రోజు చీకటితోనే మొదలయ్యేది. విమానాలను వరుసగా నిలబెట్టి, గాలి వేగం కొలిచే గొట్టాలకు తొడిగిన ఎర్ర పీలికల తొడుగులను తీసి, టైర్లను తడిమి, ఆ తర్వాత అందరం ఒకే వరుసలో తలలు వంచుకుని నడుస్తూ నేల మీది రాళ్లను, మేకులను ఏరేవాళ్లం. చిన్న గులకరాయి ఇంజిన్‌లోకి పోయినా లోపలి రేకులు పాడవుతాయి. ఇరవై ఏళ్ల కుర్రవాడు మొదటిసారి ఒంటరిగా ఎగరడానికి మెట్టు ఎక్కుతుంటే పట్టీలు బిగించేది మేమే. వాడు తిరిగి వచ్చి చక్రాలు నేలకు ఆనించేదాకా మాలో ఎవరమూ టీ గ్లాసు ముట్టేవాళ్లం కాదు. పైలట్ల గురించి చాలామంది రాస్తారు, ఆ నిరీక్షణ గురించి రాసినవారు నాకు కనిపించలేదు.

శామీర్‌పేట_చెరువుగట్టు
ఇస్క్రా పేరు ఈ రోజే మొదటిసారి విన్నాను. అన్నీ కిరణ్‌లే అనుకుంటూ పెరిగాను.

క్రాకోవ్_తెలుగు
పోలిష్ భాషలో ఇస్క్రా అంటే నిప్పురవ్వ. నేను చదువు కోసం పోలండ్ వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. క్రాకోవ్‌లో పాత విమానాశ్రయ స్థలంలో ఉన్న విమానాల మ్యూజియంలో ఇస్క్రాను చేత్తో తాకేంత దగ్గరగా చూశాను. దాని రూపకర్త తదేవుష్ సోల్తిక్, మొదటిసారి ఎగిరింది 1960 ఫిబ్రవరిలో. ఈ దేశపు వైమానిక దళ విన్యాస బృందం కూడా దీని పేరే పెట్టుకుని, తెలుపు ఎరుపు రంగుల ఇస్క్రాలతోనే ఏళ్ల తరబడి ప్రదర్శనలు ఇచ్చింది. ఇదే విమానం మన అల్వాల్ వడియాల మీద నుంచి ఎగిరిందని ఈ చర్చ చదివేదాకా నాకు తెలియదు. మా నాన్నది బొల్లారం. ఈ రాత్రే ఫోన్ చేసి అడుగుతాను.

నింగిచూపు
నిప్పురవ్వ, కిరణం. రెండు పేర్లూ ఒకే ఆకాశం కింద కలవడం ఎంత బాగుందో.

తార్నాక_తాత
నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. మీ అందరికంటే ముందటి ముచ్చట ఒకటి చెప్పవలసి ఉంది. 1960లలో హకీంపేట మీద ఎగిరినవి వాంపైర్ జెట్‌లు. వాటికి రెండు తోకలు ఉండేవి. రెక్కల నుంచి రెండు కాడలు వెనక్కి సాగి, చివర అడ్డపట్టీతో కలిసేవి, కింద నుంచి చూస్తే నులకమంచం ఎగురుతున్నట్టు ఉండేది. మేము "మంచం వచ్చింది" అని అరుస్తూ పరుగెత్తేవాళ్లం. అల్వాల్_డాబా గారు చూసింది 1980లలో కాబట్టి అది వాంపైర్ అయ్యే అవకాశం లేదు. ఒక్క జెట్ చుట్టూ వాదన జరుగుతున్నది కాబట్టి, మూడు తరాల జెట్‌లు అదే దారిలో ఎగిరాయని గుర్తు చేయాలనిపించింది.

పాతకెమెరా
తాతగారూ, వాంపైర్‌లో కూడా శిక్షణకు వాడిన రకంలో ఇద్దరు పక్కపక్కనే కూర్చునేవారు. ఆ పద్ధతి కిరణ్‌లో కొనసాగింది.

బాలానగర్_బిడ్డ
హైదరాబాదు పిల్లలకు మిగ్-21తో సంబంధమే లేదన్నట్టు ఈ చర్చ సాగుతున్నది, అందుకే జోక్యం చేసుకుంటున్నాను. మన దేశంలో మిగ్‌ల తయారీ మొదలైనప్పుడు పనిని మూడు చోట్లకు పంచారు. విమాన దేహం నాసిక్‌లో, ఇంజిన్ ఒడిశాలోని కోరాపుట్‌లో, లోపలి ఎలక్ట్రానిక్ పరికరాలు మన బాలానగర్‌లో తయారయ్యేవి. మా నాన్న ఆ పరికరాల విభాగంలోనే పనిచేశారు. టంకం వాసన పట్టిన చొక్కాతో సాయంత్రం ఇంటికి వచ్చేవారు. పనిలో ఏం చేశారో ఒక్కనాడూ చెప్పేవారు కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు. వీడ్కోలు కార్యక్రమం చూస్తూ మాత్రం, "అందులో నా చేతి పని ఉంది" అని ఒకే ఒక్క మాట అన్నారు. మిగ్ మన ఇంటి మీద నుంచి ఎగరకపోయినా, అందులో కొంత మన ఊరిదే.

అల్వాల్_డాబా
బాలానగర్_బిడ్డ గారూ, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

తుంకుంట_గాలి
రాకేశ్ శర్మ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేమి? ఆయన పుట్టింది పటియాలాలో అయినా, చదువుకున్నది హైదరాబాదులోనే, నిజాం కళాశాల విద్యార్థి. 1971 యుద్ధంలో మిగ్-21 నడిపారు, 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టీ-11లో అంతరిక్షానికి వెళ్లారు. అప్పుడు నేను ఆరో తరగతిలో ఉన్నాను. మా మాస్టారు ఆ వార్తను నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆయన మన హైదరాబాదులో చదువుకున్నవాడేనని చెప్పినప్పుడు తరగతి మొత్తం కిటికీల వైపు తిరిగి ఆకాశంలోకి చూసింది.

డెల్టారెక్క
మంచి జ్ఞాపకాలే, కాదనను. కానీ ఒక మాట సూటిగా చెప్పాలి. కిరణ్ అయినా ఇస్క్రా అయినా శిక్షణ విమానమే. 1971 డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ భవనం మీద రాకెట్లు కురిపించింది మిగ్-21, అంతకు రెండు రోజుల ముందు కచ్ తీరాన పాకిస్థాన్ యుద్ధ విమానం స్టార్‌ఫైటర్‌ను కూల్చింది మిగ్-21. ధ్వని వేగానికి రెండింతలు పోగల యంత్రాన్నీ, గంటకు 700 కిలోమీటర్లు దాటలేని కిరణ్‌నూ ఒకే గౌరవంతో తలచుకోవడం నాకు సరిగా తోచడం లేదు.

సిక్కోలు_ఎయిర్‌మన్
ఆ మిగ్ నడిపినవాడు గర్భంలోనే నేర్చుకుని రాలేదు బాబూ. వాడికి జెట్ అంటే ఏమిటో చూపించినది ఇలాంటి శిక్షణ విమానమే.

వరంగల్_విహంగం
సిక్కోలు_ఎయిర్‌మన్ గారి మాటకు ఒక ఉదాహరణ చేరుస్తాను. 2016 జూన్ 18న దుండిగల్ వైమానిక దళ అకాడమీ నుంచి అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటకు వచ్చారు. వారు జెట్ పాఠాలు నేర్చుకున్నది హకీంపేట కిరణ్‌ల మీదనే. 2018 ఫిబ్రవరిలో అవనీ చతుర్వేది జామ్‌నగర్ నుంచి మిగ్-21 బైసన్‌ను ఒంటరిగా నడిపారు. డెల్టారెక్క గారు వేరు చేసి చూస్తున్న రెండు విమానాలూ ఆమె చేతిలో ఒకటి తర్వాత ఒకటిగా వచ్చాయి.

1988లో నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పైలట్ అవుతానని అంటే, ఆడపిల్లలను తీసుకోరని మా బంధువొకరు నవ్వి ఊరుకున్నారు. ఆ రోజుల్లో అది నిజమే కూడా. ఇప్పుడు గణితం బోధిస్తున్నాను. 2016లో ఆ వార్త వచ్చిన రోజున పాఠం ఆపి, కిరణ్ బొమ్మను బల్ల మీద గీసి, గంట మొత్తం దాని గురించే చెప్పాను. వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి ఆ బొమ్మను తన పుస్తకంలో ఎక్కించుకుంది.

డెల్టారెక్క
వరంగల్_విహంగం గారూ, మీ మాట ముందు నా వాదన నిలవదు. వెనక్కి తీసుకుంటున్నాను.

నింగిచూపు
అద్దాలు అదిరిన శబ్దం సంగతి ఎవరూ చెప్పలేదు. అది ధ్వని వేగాన్ని దాటినప్పుడు వచ్చే శబ్దమేనా?

పాతకెమెరా
కిరణ్, ఇస్క్రా రెండూ ధ్వని వేగాన్ని చేరుకోలేవు కాబట్టి అది వాటి వల్ల వచ్చిన శబ్దం కాదు. ఆ చుట్టుపక్కల బండలు పేల్చే క్వారీలు ఉండేవి, బహుశా అక్కడి పేలుడు కావచ్చు.

శబ్దం గురించి మాట వచ్చింది కాబట్టి మరొక సంగతి. చప్పుడు వినిపించిన వైపు తలెత్తితే జెట్ అక్కడ ఉండదు, ఎప్పుడూ ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. మనకు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో జెట్ ఉంటే, దాని చప్పుడు కిందికి రావడానికి నాలుగు సెకన్లకు పైగా పడుతుంది. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతున్న కిరణ్ ఆ లోపల సుమారు 600 మీటర్లు దాటిపోతుంది. పిల్లలకు ఈ లెక్క ఎవరూ చెప్పరు, అయినా రెండు మూడు రోజుల్లో వారే చప్పుడుకు ముందు వైపు చూడడం నేర్చుకుంటారు. నాకు భౌతికశాస్త్రం మీద మొదటి ఇష్టం కలిగింది అక్కడే.

తుంకుంట_గాలి
నా ఆశ మరో విధంగా ముగిసింది. పైలట్ ఎంపికకు కాలి పొడవు కనీసం 99 సెంటీమీటర్లు ఉండాలి. నాకు ఒక్క సెంటీమీటరు తక్కువైంది. పరీక్షలన్నీ దాటి అక్కడ ఆగిపోయినప్పుడు రైల్లో సికింద్రాబాద్ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. కొలిచిన అధికారి ఎంతో ఆదరంగా రెండోసారి కూడా కొలిచారు, ఆయన తప్పేమీ లేదు. ఇంటికి వచ్చిన మరునాడు పొద్దున్న యథాప్రకారం కిరణ్ వచ్చింది. దాని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఇప్పటికీ నెలకు రెండు ఆదివారాలు కెమెరా తీసుకుని దూరపు గుట్ట ఎక్కుతాను. నిషిద్ధ స్థలం వైపు కెమెరా తిప్పను, ఆకాశాన్నే తీస్తాను.

శామీర్‌పేట_చెరువుగట్టు
మన వైమానిక దళ విన్యాస బృందం సూర్యకిరణ్‌ను మరువకూడదు. 1996లో బీదర్‌లో ఏర్పడి, తొమ్మిది కిరణ్‌లతో రెక్కకు రెక్క ఆనించినట్టు ఎగిరేది. శిక్షణకు విమానాలు చాలక 2011లో ఆపివేశారు, తర్వాత హాక్ జెట్‌లతో మళ్లీ మొదలైంది. హాక్ గొప్పదే కానీ, ఎర్రటి కిరణ్‌లు తొమ్మిదీ ఒక్కసారిగా విచ్చుకునే దృశ్యం నా కంటికి వేరు.

బోయిన్‌పల్లి_వాసి
2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నౌకాదళ కిరణ్ ఒకటి మా బోయిన్‌పల్లిలో ఒక ఇంటి మీద కూలి, అందులోని ఇద్దరు పైలట్లూ మరణించారు. నేను రెండు వీధుల అవతల ఉన్నాను. అంతకు ముందు నిమిషం దాకా చప్పట్లు కొడుతున్న పిల్లలు ఒక్కసారిగా మౌనమైపోయారు. ఆ రోజు నుంచి జెట్ చప్పుడు వింటే నాకు ఆనందంతో పాటు, లోపల ఉన్నవాళ్లు క్షేమంగా దిగాలన్న ప్రార్థన కూడా కలుగుతుంది. సిక్కోలు_ఎయిర్‌మన్ గారు ముట్టని టీ గ్లాసు గురించి చదివినప్పుడు అదే గుర్తుకు వచ్చింది.

సిక్కోలు_ఎయిర్‌మన్
వారిద్దరి కుటుంబాలకు దేవుడు ధైర్యం ఇవ్వాలి. మీ ప్రార్థనే మాదీ.

క్రాకోవ్_తెలుగు
నాన్నకు ఫోన్ చేశాను. బొల్లారం రైలు గేటు దగ్గర సైకిల్ ఆపి చూసేవారట. "పొట్ట కింద బొక్క ఉన్నదా? అది పోలండోళ్లది, మాకు తెలుసు" అన్నారు. నేను పోలండ్ వెళ్తానన్న రోజున ఆయన ఒక్క అభ్యంతరం కూడా ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అనుమానం వస్తున్నది.

నింగిచూపు
అయితే అల్వాల్_డాబా గారి జెట్‌కు పక్కపక్క హెల్మెట్లు కిరణ్ నుంచి, పొట్ట కింది గొట్టం ఇస్క్రా నుంచి వచ్చాయన్నమాట. రెండు విమానాలు ఒక జ్ఞాపకంలో కలిసిపోయాయి. వారి అక్కగారిని అడిగితే తేలుతుందేమో.

అల్వాల్_డాబా
అడిగాను. అక్క ఇప్పుడు కర్నూలులో ఉంటుంది. ఈ చర్చ మొత్తం ఫోన్లో చదివి వినిపించాను. ఇస్క్రా దగ్గరకు రాగానే మధ్యలో ఆపి, "అదేరా, తోకకప్ప, తూనీగ! మర్చిపోయావా?" అన్నది.

అప్పుడు ఒక్కసారిగా అంతా గుర్తుకు వచ్చింది. మేము రెండు పేర్లు పెట్టుకున్నాము. ముందు బొద్దుగా, వెనక సన్నగా ఉన్నది తోకకప్ప. పొట్ట కింద గొట్టం, పైన పొడుగు తోక ఉన్నది తూనీగ. తోకకప్పలు అక్కవి, తూనీగలు నావి. ఏది ముందు వస్తే వాళ్లు ఆ పూట కాకులను తోలనక్కర లేదు, కింద నీడలో కూర్చోవచ్చు. గెలిచి నీడకు వెళ్లిన వాళ్లకు తర్వాత వచ్చే విమానం కనిపించదు కాబట్టి, గెలిచి కూడా ఇద్దరమూ ఎండలోనే నిలబడేవాళ్లం. హెల్మెట్లు కనిపించిన రోజున వచ్చింది అక్క తోకకప్పే. అది నాది కాదని ఏడ్చానట, అందుకే ఈ రోజుకు నాకిస్తున్నానని అక్క అన్నదట. నలభై ఏళ్లుగా రెండింటినీ ఒక్కటి చేసి, దానికి మిగ్ అని పేరు పెట్టి, అక్క వాటాను కూడా నేనే దాచుకున్నాను.

మిగ్-21కు కన్నీళ్లు పెట్టుకున్నందుకు నాకు విచారం లేదు, బాలానగర్_బిడ్డ గారి మాట చదివాక అసలే లేదు. సంక్రాంతికి అక్క వస్తానన్నది. తుంకుంట_గాలి గారూ, మీరు ఎక్కే గుట్టకు పొద్దున ఎన్ని గంటలకు చేరుకోవాలో చెప్పగలరా?

తుంకుంట_గాలి
ఆరున్నరకు రండి. ఎండ ఎక్కక ముందే మొదలవుతుంది. అక్కగారికి నడవడానికి ఇబ్బంది ఉంటే కింద చింతచెట్టు దగ్గర నుంచి కూడా బాగానే కనిపిస్తుంది.

సిక్కోలు_ఎయిర్‌మన్
నేనూ వస్తాను. టీ ఫ్లాస్కు నాది.